ఎదిగే ఒంటికి వంకలు పెట్టకండి



పెళ్ళింట్లో గానీ, పండక్కి ఊరెళ్ళినప్పుడు గానీ, పద్నాలుగు పదిహేనేళ్ళ ఆడపిల్ల గడప దాటి లోపలికి రాగానే ఏం వినబడుతుందో మీకందరికీ తెలుసు. "ఏమే, ఇంత లావయ్యావేంటి?" అంటుంది పెద్దమ్మ. "ఎండలో తిరగనిస్తున్నావా వదినా, పిల్ల బాగా నల్లబడింది" అంటుంది మేనత్త. ఆ పిల్ల పక్కనే దాని పినతల్లి కూతురుంటే, "ఇదేంటి చీపురుపుల్లలా అయిపోయింది, అన్నం పెట్టట్లేదా?" అని ఇంకొకరు. ఈ మాటలన్నవాళ్ళెవరూ ఆ పిల్లల చెడు కోరేవాళ్ళు కాదు. చాలా రోజుల తర్వాత కనబడ్డ పిల్లని ప్రేమగా పలకరించామనే అనుకుంటారు. అదే గుమ్మంలోంచి అదే వయసు కుర్రాడొస్తే మాత్రం "ఏం చదువుతున్నావురా? క్రికెట్ ఆడుతున్నావా?" అని అడుగుతారు.

ఆ మధ్యాహ్నం బంతిలో ఆ పిల్ల బూరె వద్దంటుంది. గారె వద్దంటుంది. "ఆకలిగా లేదమ్మా" అంటుంది. ఫొటో తీసేటప్పుడు అక్క వెనక్కి జరిగి నిలబడుతుంది. ఇంటికెళ్ళాక తలుపేసుకుని అద్దం ముందు పక్కకి తిరిగి పొట్ట చూసుకుంటుంది. రెండు రోజులయ్యాక పెద్దమ్మకు తనన్న మాటే గుర్తుండదు. పిల్ల మాత్రం దాన్ని ఏళ్ళ తరబడి మోస్తుంది. నేను ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన టీచర్ని. ఆ వయసు పిల్లల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఇవాళ వాళ్ళ తరఫున నాలుగు మాటలు మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఆ వయసులో ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. పదేళ్ళకో పదకొండేళ్ళకో ఆడపిల్ల ఉన్నట్టుండి ఎదగడం మొదలుపెడుతుంది. ఒక మనిషి పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం పదేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ లోపే వచ్చి చేరుతుంది. మళ్ళీ చెప్తున్నాను, సగం. ఎత్తులో ఐదో వంతు దాకా ఈ ఏళ్ళలోనే పెరుగుతుంది. పెద్దమనిషి కావడానికి ముందు నుంచే తుంటి దగ్గర, తొడల దగ్గర, రొమ్ముల దగ్గర కొవ్వు చేరడం మొదలవుతుంది. ఆ కొవ్వు జబ్బు కాదు, తిండిపోతుతనం వల్ల వచ్చిందీ కాదు. నెలసరి రావాలన్నా, వచ్చింది సక్రమంగా సాగాలన్నా శరీరానికి అది కావాలి. ఎముకల సంగతి చూడండి. జీవితం మొత్తానికి సరిపడా ఎముక బలంలో తొంభై శాతం వరకూ ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండేలోగా సమకూరిపోతుంది. అరవై ఏళ్ళప్పుడు జారిపడితే తుంటి విరుగుతుందా లేదా అన్నది కొంతవరకు ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏం తిన్నది, ఎంత గెంతింది అన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇంత పని జరుగుతున్న ఒంటికి తిండి కావాలి కదా. హైదరాబాద్‌లో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశంలో ఏ వయసువాళ్ళకు ఏ పోషకం ఎంత కావాలో లెక్కగట్టి చెప్పేది ఆ సంస్థే. వాళ్ళ 2020 లెక్క ప్రకారం పదమూడు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లకు రోజుకు సుమారు 2400 కెలోరీలు కావాలి. కూర్చుని పనిచేసే పెద్దావిడకు కావలసింది 1660. అంటే టీవీ ముందు కూర్చుని "నీకెందుకే అన్ని ఇడ్లీలు?" అని అడిగే తల్లి కంటే ఆ పిల్లకు ఎక్కువ ఇడ్లీలు కావాలి. పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంటే అది ఎదుగుతోందని సంతోషించాలి.

ఈ సంగతులు ఆ పిల్లకి ఎవరూ చెప్పరు. పుస్తకంలో పాఠం ఉంటుంది. చాలా బడుల్లో ఆ పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. దాంతో ఏడో తరగతిలో అందరికంటే ముందు ఎదిగిన పిల్ల సిగ్గుతో భుజాలు వంచుకుని నడుస్తుంది. తొమ్మిదో తరగతికొచ్చినా ఇంకా చిన్నపిల్లలా ఉన్న అమ్మాయి తనలో ఏదో లోపముందని బెంగపడుతుంది. ఒకరికి పదేళ్ళకు మొదలయ్యేది ఇంకొకరికి పదమూడేళ్ళకు మొదలవచ్చు. ఇద్దరిదీ మామూలు ఎదుగుదలే. ఈ ఒక్క మాట ముందుగా తెలిసుంటే ఎంతమంది పిల్లలు ఎన్ని రాత్రుళ్ళు హాయిగా నిద్రపోయేవాళ్ళో అనిపిస్తుంది నాకు.

ఒంటి మీద అసహ్యం పుట్టుకతో రాదు. ఎక్కడినుంచో నేర్చుకుంటాం. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం పసిఫిక్ సముద్రంలోని ఫీజీ దీవుల్లో దొరికింది. అక్కడి మూలవాసుల్లో నిండుగా, బలంగా ఉన్న ఒళ్ళే అందం. వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టడం, పెట్టింది తినడం మర్యాద. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అమెరికా సీరియళ్ళు ఇంటింటా కనబడటం మొదలైంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బెకర్ అనే వైద్యురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ళయ్యాక 1998లో మరొకసారి అక్కడి హైస్కూలు ఆడపిల్లలతో మాట్లాడారు. బరువు తగ్గడం కోసం తిన్నది కక్కేస్తున్నామని మొదటిసారి ఒక్కరూ చెప్పలేదు. మూడేళ్ళయ్యాక నూటికి పదకొండు మంది చెప్పారు. తాము మరీ లావుగా ఉన్నామని ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తోందన్నవాళ్ళు నూటికి డెబ్భై నాలుగు మంది. తరతరాలుగా తిండిని గౌరవించిన సమాజంలో మూడేళ్ళలో ఇంత మార్పు.

మన దగ్గర ఒంటి మీద అసహ్యం నేర్పే పని ఎప్పటినుంచో సాగుతోంది. ముఖాన్ని తెల్లగా చేస్తానని చెప్పే ఒక క్రీము ఈ దేశంలోకి 1975లో వచ్చింది. ఆ ప్రకటనల్లో కథ ఎప్పుడూ ఒకటే. నల్లగా ఉన్న పిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు. క్రీము రాస్తుంది, రెండూ వచ్చేస్తాయి. నలభై అయిదేళ్ళు ఆ కథ చెప్పాక 2020లో కంపెనీ ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టుకుంది. పేరు మారింది గానీ పెళ్ళి ప్రకటనల్లో "తెల్లగా, సన్నగా ఉన్న వధువు కావలెను" అన్న వాక్యం ఇంకా మారలేదు. చెన్నైలో ఒక మహిళా సంస్థ 2009లో "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" అని ప్రచారం మొదలుపెట్టింది. నటి నందితా దాస్ దానికి గొంతునిచ్చారు. మన నేల మీద నల్లగా ఉండటం అందమేనని చెప్పడానికి ఒక ఉద్యమం నడపాల్సి వచ్చింది.

క్రీముల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మనసు నొచ్చుకోవడంతో ఆగదు. మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా యాభై అరవై రూపాయలకు చిన్న ట్యూబు ఇస్తారు. స్నేహితురాలు చెప్పిందని ఒకమ్మాయి కొనుక్కుంటుంది. వారం పది రోజుల్లో ముఖం తేటపడుతుంది. అందరూ "ఏం రాస్తున్నావే?" అని అడుగుతారు. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. చర్మరోగ నిపుణులు కొన్ని జబ్బులకు కొద్ది రోజులు మాత్రమే వాడమని ఇచ్చే మందు అది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. ఎర్రటి రక్తనాళాలు పైకి కనబడతాయి. మొటిమలు గుంపులుగా లేస్తాయి, బుగ్గల మీద, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. భయపడి ఆపేస్తే ముఖం భగభగ మండిపోతుంది, అందుకని మళ్ళీ రాస్తారు. అలా వదలలేని స్థితికి చేరాక డాక్టరు దగ్గరికి వస్తారు. ఈ స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. మరికొన్ని ఊరూపేరూ లేని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా ఒంట్లోకి దిగి మూత్రపిండాలను పాడుచేస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా వైద్యులు ఇలాంటి మూత్రపిండాల జబ్బులకు కారణం వెతుక్కుంటూ పోతే చివరికి తెల్లబరిచే క్రీముల దగ్గర తేలింది. మీ ఇంట్లో పిల్ల అలమారలో అట్టపెట్టె మీద తయారీదారు పేరు లేని క్రీము ఉంటే, లేదా రాసిన వారానికే ముఖం తెల్లబడిపోతే, పిల్లని తిట్టకండి. ఆ ట్యూబు పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు చేతిలో ఫోనుంది. మా కాలంలో సినిమా హీరోయిన్‌ని నెలకోసారి తెర మీద చూసేవాళ్ళం. ఆవిడ ఎక్కడో ఉన్న మనిషి. నేటి పిల్ల తన తరగతిలోనే ఉన్న అమ్మాయి ఫొటోని, ఫిల్టర్‌తో ముక్కు సన్నబడి, నడుం చిక్కి, చర్మం మీద ఒక్క మచ్చ లేని ఫొటోని గంటకోసారి చూస్తుంది. తన ముఖాన్ని కూడా ఆ ఫిల్టర్‌లో చూసుకుని, తీసేసి మళ్ళీ చూసుకుంటుంది. ఆ రెండో ముఖం, అసలు ముఖం, దానికి నచ్చదు. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటపడ్డాయి. తమ శరీరం మీద దిగులు కలిగినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును పెంచుతోందని నూటికి ముప్పై ఇద్దరు అమ్మాయిలు చెప్పినట్టు ఆ కంపెనీ చేయించిన పరిశోధనలోనే ఉంది. ఫోనే కాదు, మన సినిమాలు కూడా లావుగా ఉన్న అమ్మాయిని నవ్వించడానికే వాడుకున్నాయి చాలాకాలం. 2015లో వచ్చిన సైజ్ జీరో సినిమాలో నటి అనుష్క నిజంగానే బరువు పెరిగి, లావుగా ఉన్న అమ్మాయిని కథానాయికగా నిలబెట్టింది. తొందరగా సన్నబరుస్తామని మోసం చేసే క్లినిక్కుల మీద ఆ సినిమా. అలాంటివి ఇంకొన్ని రావాలని నా కోరిక.

సినిమానీ ఫోన్నీ ఒక్కరోజులో మార్చలేం. ఇంట్లో మాట మాత్రం మన చేతిలో ఉంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు కొన్ని వేలమంది పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని అడిగి తెలుసుకున్న విషయం ఒకటి 2013లో ప్రకటించారు. "నువ్వు లావయ్యావు, బరువు తగ్గు" అని పిల్లల బరువు గురించి మాట్లాడే ఇళ్ళలో పిల్లలు ఎక్కువగా తిండి మానేస్తున్నారు, దొంగచాటుగా అతిగా తింటున్నారు, కక్కేస్తున్నారు. బరువు ఊసెత్తకుండా "ఇది తింటే మంచిది, ఇవాళ ఆకుకూర చేశాను" అని తిండి మంచిచెడ్డలు మాత్రమే మాట్లాడే ఇళ్ళలో ఇవన్నీ తక్కువగా ఉన్నాయి. కాస్త బరువు ఎక్కువున్న పిల్లల విషయంలో కూడా అంతే. పిల్ల బాగుకోసమే అంటున్నామని మనం అనుకునే మాటే పిల్లని తిండికి దూరం చేస్తోంది.

మన ఇళ్ళలో పిల్ల బరువు అందరికీ తెలుసు, రంగు అందరికీ తెలుసు. హిమోగ్లోబిన్ ఎంతో ఎవరికీ తెలియదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019 నుంచి 2021 వరకు జరిగింది. అందులో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో దేశం మొత్తం మీద నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకు ముందు సర్వేలో 54 మందికి ఉండేది. అంటే పెరిగింది. ఆ సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేదు. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటుంటే నిద్ర, జుట్టు ఊడిపోవడం, పెదవులు పాలిపోవడం ఇవన్నీ దాని గుర్తులు. పిల్ల చాటుగా బలపాలు నమిలినా, డబ్బాలోంచి పచ్చి బియ్యం తిన్నా వీపు మీద ఒక దెబ్బ వేస్తారు మనవాళ్ళు. అది దురలవాటు కాదు తల్లీ, ఒంట్లో ఇనుము తక్కువైందేమోనన్న కబురు. కొట్టకుండా రక్తపరీక్ష చేయించండి.

నెల నెలా రక్తం పోయే ఒంటికి, ఎదిగే ఒంటికి ఇనుము ఎక్కువ కావాలి. అందుకే పదమూడు దాటిన ఆడపిల్లకు అదే వయసు కుర్రాడి కంటే ఎక్కువ ఇనుము అవసరమని మన పోషకాహార సంస్థ చెప్తుంది. మనమేమో గుడ్డు, చేప ముక్క ముందు అబ్బాయికి వడ్డిస్తాం. పిల్ల సన్నబడాలని పొద్దున్నే టిఫిన్ మానేసి టీ తాగి బడికెళ్తుంది. టీ ఆకలిని చంపుతుంది, అన్నంలో ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు ముట్టకపోతే, పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, చివర్లో ఒక జామకాయ తింటే తోటకూరలో ఉన్న ఇనుము ఒంటికి పడుతుంది. బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. "వాంతికొస్తుంది మేడం" అని పిల్లలు దాన్ని కిటికీలోంచి విసిరేయడం నేను చాలాసార్లు చూశాను. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, నిజమే. మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంటే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదని కూడా ముందే చెప్పండి. ఆరునెలలకోసారి ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా దీనికి తోడే.

మన పెద్దవాళ్ళకు కెలోరీలు తెలియవు గానీ ఒక సంగతి తెలుసు. పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి పెట్టేవాళ్ళు. నువ్వులూ బెల్లం కలిపి దంచిన ఉండ. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఇనుము కూడా ఉంటుంది. రాగుల్లో వందకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం. ఎముకలు గట్టిపడే రోజుల్లో ఇంతకంటే ఏం కావాలి? ఆ తొమ్మిది రోజులో పదకొండు రోజులో చిమ్మిలి పెట్టి, ఫంక్షన్ చేసి, ఫొటోలు తీసుకుని, ఆ తర్వాత "ఇక ఒళ్ళు జాగ్రత్త, లావయిపోతావు" అని తిండి మీద కన్నేస్తున్నారు. చిమ్మిలి ఏడాది పొడుగునా పెట్టండి. ఆంధ్రప్రదేశ్ బడుల్లో డొక్కా సీతమ్మ గారి పేరు మీద పెడుతున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గోదావరి లంకల్లో అన్నం వండి పెట్టిన తల్లి పేరది. లావవుతామని చిక్కీని పక్క పిల్ల చేతిలో పెట్టేసే అమ్మాయిలుంటారు. టీచర్లు ఆ పిల్లల పక్కన కూర్చుని తినండి. మీరు తింటే వాళ్ళు తింటారు.

బరువు నిజంగానే ఎక్కువున్న పిల్లలు లేరా అంటే ఉన్నారు. పెరుగుతున్నారు కూడా, ముఖ్యంగా పట్టణాల్లో. ఆ పిల్లల్ని ఆరోగ్యం పేరుతో అవమానించకుండా చూసుకోవాలి. మొదటి జాగ్రత్త, ఎత్తు, బరువు చూసి కట్టే పెద్దవాళ్ళ బీఎంఐ లెక్కను పిల్లల మీద పెట్టకండి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు వయసును బట్టి వేరే పట్టిక ఉంటుంది, పిల్లల డాక్టరు చూసి చెప్తారు. ఇంకోటి పీసీఓడీ, అంటే అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగల్లాంటివి కనబడే జబ్బు. నెలసరి రెండుసార్లు తప్పితే చాలు, స్కానింగ్ తీయించి, పీసీఓడీ అని రాయించుకుని, పిల్లని భయపెట్టేస్తున్నారు. నెలసరి మొదలైన తొలి రెండు మూడేళ్ళు అది సక్రమంగా రాకపోవడం మామూలే. ఆ వయసు అండాశయాలు స్కానింగ్‌లో చాలామందికి అలాగే కనబడతాయి. అందుకే నెలసరి మొదలైన ఎనిమిదేళ్ళ లోపు స్కానింగ్‌ని బట్టి ఈ జబ్బు ఉందని తేల్చకూడదని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. అలాగని అశ్రద్ధ చేయమని కాదు. మూడు నెలలు దాటినా రాకపోతే, ముఖం మీద వెంట్రుకలు ఎక్కువైతే మంచి డాక్టరుకు చూపించాలి. బరువు తగ్గడం అవసరమని డాక్టరు చెబితే ఆ పిల్ల ఒక్కదాని కంచం మార్చకండి. కూల్‌డ్రింక్ సీసా ఇంట్లోకే రానివ్వకండి, బేకరీ పఫ్ బదులు సాయంత్రం ఉడకబెట్టిన శనగలు అందరికీ పెట్టండి. తమ్ముడు పిజ్జా తింటుంటే పక్కన కూర్చుని కీరదోసకాయ ముక్కలు నమిలే పిల్ల మనసెలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయానికి వస్తున్నాను. మన రెండు రాష్ట్రాల్లో పది పాసైన పిల్లని ఇంటర్ హాస్టల్లో వేస్తాం. అపార్ట్‌మెంట్‌లాంటి భవనం. ఆటస్థలం లేదు. తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెడతారు. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, వీళ్ళకు ఆరు దక్కితే గొప్ప. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ సంస్థ లెక్కల్లోనే ప్రపంచం మొత్తం మీద కౌమార బాలికల్లో నూటికి 85 మంది అంత ఆడటం లేదు. మన హాస్టళ్ళలో ఆ గంట కాలపట్టికలోనే ఉండదు. రెండేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి, నూనె కూరలు పెట్టి, బయటికొచ్చాక "లావయ్యావు" అంటాం. కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకులు అడిగే తండ్రులు ఆటస్థలం ఎక్కడని కూడా అడగండి. పదిమంది తండ్రులు అడిగితే యాజమాన్యం వింటుంది.

ఆట ఎందుకంటే బరువు తగ్గడానికి కాదు. తన ఒళ్ళు ఏం చేయగలదో పిల్లకు తెలియడానికి. కరణం మల్లేశ్వరి పేరు ఈ తరం పిల్లలు కొందరికి తెలియకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. తొలిరోజుల్లో మరీ బక్కపిల్లవి, నీకెందుకమ్మా బరువులు అని వెనక్కి పంపేశారట. తల్లి శ్యామల పట్టుబట్టి నిలబెట్టారు. 1994లో, 1995లో 54 కిలోల తరగతిలో మల్లేశ్వరి ప్రపంచ విజేత. ఆ తర్వాత బరువు పెరిగి పై తరగతులకు వెళ్ళారు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు ఆవిడ పోటీ పడింది 69 కిలోల తరగతిలో. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ మన తెలుగమ్మాయి. ఆ తొడలు, ఆ భుజాలు లేకపోతే ఆ పతకం లేదు.

ఇంకొక అమ్మాయి దీప్తి జీవాంజి. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం. పుట్టుకతో మేధో వైకల్యం. చిన్నప్పుడు ముఖం తీరు చూసి ఊళ్ళో వెక్కిరించేవారని, ఆ మాటలు విని పిల్ల ఇంటికొచ్చి ఏడ్చేదని తల్లిదండ్రులే చెప్పారు. ఆ అమ్మాయి 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరు పిల్లలూ పతకాలు తేవాలని నేను చెప్పడం లేదు. సైకిలు తొక్కే పిల్ల, కబడ్డీలో కూతకెళ్ళే పిల్ల, కోలాటం ఆడే పిల్ల, డాబా మీద తాడాట ఆడే పిల్ల, వీళ్ళు అద్దంలో చూసుకున్నప్పుడు తమ కాళ్ళు ఎంత దూరం తీసుకెళ్ళగలవో కూడా తెలిసి చూసుకుంటారు. చూసేవాళ్ళ కళ్ళతో మాత్రమే తన ఒంటిని కొలుచుకునే పిల్లకు ఆ బలం ఉండదు.

తండ్రులకు ఒక మాట. ఈ విషయాలు ఆడవాళ్ళు చూసుకుంటార్లే అనుకోకండి. భార్యని పట్టుకుని నలుగురిలో "డ్రమ్ములా తయారైంది" అని మీరనే మాట మీ కూతురు వింటోంది. రేపు తనని కూడా ఇలాగే అంటారని అప్పుడే నేర్చుకుంటోంది. తల్లులకూ చెప్తున్నాను. అద్దం ముందు నిలబడి మీ ఒంటిని మీరే తిట్టుకోవడం మానండి. చుట్టాలెవరైనా పిల్లని లావనో నల్లననో అంటే, పక్కన నిలబడి నవ్వేయకండి. "మా పిల్ల ఎదుగుతోంది పెద్దమ్మా, ఈ ఏడు లాంగ్ జంప్‌లో మొదటొచ్చింది" అని అక్కడికక్కడే చెప్పండి. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పినట్టు ఉండదు, పిల్లకు మాత్రం మీరు తన పక్షాన ఉన్నారని తెలుస్తుంది.

అమ్మా, ఇది వింటున్న పిల్లా, నీతో కూడా మాట్లాడాలి. అన్నం పక్కన పెట్టి తిన్నానని అబద్ధం చెబుతున్నావా? తిన్నాక బాత్‌రూంలోకి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకుంటున్నావా? రోజుకు మూడుసార్లు బరువు చూసుకుంటున్నావా? నెలసరి ఆగిపోయిందా? నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? ఇది నీ మొండితనం కాదు, నీ తప్పు కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఒక్కదానివే దీన్ని దాచుకోకు. గుండె మీద, ఎముకల మీద దెబ్బ పడకముందే సాయం అందాలి. అమ్మకు చెప్పలేకపోతే నచ్చిన టీచరుకు చెప్పు. వాళ్ళకూ చెప్పలేకపోతే ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. అమ్మానాన్నలూ ఆ నంబరుకు చేయవచ్చు, పిల్ల గురించి అడగవచ్చు.

కలం కాగితం తెచ్చుకునేలోపు నంబరు దాటిపోయినవాళ్ళ కోసం మరొక్కసారి చెప్తున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.